తప్పు రాసే హక్కు

ఈమధ్య మిరప కోతలు ముగిసినాక ఒక విద్యార్థిని నా దగ్గరికి ఒక నోటుపుస్తకం తెచ్చింది. నేను నరసరావుపేటలో తెలుగు చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఆమెది గురజాల వైపు పల్లె. తల్లిదండ్రులు కూలికి పోతారు. కోతల రోజుల్లో ఆమె కూడా కాలేజీ మాని తల్లితో పాటు చేలోకి పోతుంది. ఆ నోటుపుస్తకంలో ఒక కథ వుంది. రాత కంటే కొట్టివేతలే ఎక్కువగా వున్నాయి. పుస్తకం నా చేతికిచ్చి అక్కడే నిలబడి, "సార్, తప్పుల్లేకుండా రాయడం వచ్చిందాకా ఆగమంటారా?" అని అడిగింది.

"చదివి చెబుతానమ్మా" అన్నానేగాని, వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎంచేతనంటే ఆమె వయసులో ఈ ప్రశ్న నాకు కూడా ఎదురయింది. అప్పుడు దానికి నేను చెప్పుకున్న జవాబు తప్పు.

ఆ సంగతి ముందుగా చెప్పడం అవసరం. నేను కాలేజీలో చదివే రోజుల్లో ఒక సాహిత్య సభలో పద్యాలు చదివాను. రైతు బాధల గురించిన పద్యాలవి. ఒక పెద్దమనిషి లేచి, మూడో పద్యంలో యతి చెడిందని చెప్పాడు. అంతవరకు చెప్పి కూచుంటే బాగానే వుండేది. కాని ఆయన ఆ పాదాన్ని రెండుసార్లు చదివి సభను నవ్వించాడు. నేను ఇంటికొచ్చి నోటుపుస్తకం పెట్టెలో పెట్టాను. పదకొండేళ్ళు తీయలేదు. చాలాకాలం ఈ కథను నాకు జరిగిన అన్యాయంగా చెప్పుకున్నాను. అందులో కొంత నిజం వున్నది. కాని యతి చెడిన మాట కూడా నిజమే. దిద్దుకోవడానికి ఒక రాత్రి చాలు. నేను దిద్దుకోలేదు. మొదటి పద్యాలతోనే కవిననిపించుకోవాలన్న అహంకారం నాలో వున్నది. ఆ నవ్వు దాన్ని గాయపరిచింది. పెట్టెలోకి పోయింది పద్యం కాదు, ఆ అహంకారం.

యువరచయితల విషయంలో మన మధ్య రెండు వైఖరులు వున్నాయి. ఒకటి పండితులది: ముందు నేర్చుకో, లక్షణం పట్టుబడిన తర్వాత లోకానికి చూపించు అంటారు. రెండోది మనలో కొందరిది: వస్తువు ప్రజలది గనక, దృక్పథం సరైనది గనక, రాత ఎలావున్నా ఫరవాలేదంటారు. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. కాని రెంటి అడుగునా వున్న పొరపాటు ఒక్కటే. రెండూ రచనను అంగట్లో పెట్టిన సరుకుగా చూస్తాయి. మొదటివాడు సరుకు నాసిరకమని తిప్పి పంపుతాడు. రెండోవాడు మనవాళ్ళ సరుకేగదా అని కొంటాడు. రచన ఒక శ్రమ అనీ, ఏ శ్రమలోనైనా చెయ్యి పనిలోనే తిరుగుతుంది గాని పనికి ముందు తిరగదనీ ఇద్దరూ మరిచిపోతారు.

ఈ మాటను గాలిలో చెప్పడం నాకిష్టం లేదు. మా ప్రాంతంలోనే పుట్టిన ఒక కవి జీవితం పెట్టి చూద్దాం.

గుర్రం జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించాడు. పాత పలనాటి తాలూకాలో వినుకొండ చేరదు. కాని 2022లో నరసరావుపేట కేంద్రంగా పలనాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి అది ఈ జిల్లాలోనే వున్నది. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ; మతం క్రైస్తవం. అంటే అటు అగ్రవర్ణాలకూ కానివాడు; తర్వాత హిందూ పురాణగాథలు రాస్తున్నాడని క్రైస్తవ సంఘంలోనూ వెలికి గురైనవాడు. పేదరికమూ, కులమతభేదమూ తనకు ఇద్దరు గురువులని ఆయన చెప్పుకున్న మాట మనందరికీ తెలిసిందే. ఆ మాటను సభల్లో తరచుగా వల్లిస్తాం. కాని ఆ ఇద్దరు గురువుల దగ్గర ఆయన ఎన్నేళ్ళు చదువుకున్నాడో, ఆ చదువు కాలంలో ఏమి రాశాడో చూడం.

ఆయన పుస్తకాల జాబితాను తేదీల వరసన పెట్టి చూడండి. 1919లో "రుక్మిణీ కళ్యాణం". 1922లో "కుశలవోపాఖ్యానం". 1925లో "ధ్రువవిజయం". 1926లో "శివాజీ ప్రబంధం". వీటి మధ్య "కోకిల", "కృష్ణానది" వంటి ఖండికలు. 1932లో "ఫిరదౌసి". 1941లో "గబ్బిలం". మొదటి పుస్తకానికీ "ఫిరదౌసి"కీ మధ్య పదమూడేళ్ళు. "గబ్బిలా"నికి ఇరవై రెండేళ్ళు. "గబ్బిలం" వచ్చేనాటికి కవికి నలభై అయిదేళ్ళు దాటాయి.

మన విమర్శకులు సాధారణంగా చేసే పని ఏమంటే, "గబ్బిలం" దగ్గర మొదలుపెట్టి, అదే జాషువా అంటారు. మొదటి పుస్తకాల మాట వచ్చినప్పుడు కొంత ఇబ్బందిపడి, అవి ప్రబంధ ప్రభావంలో రాసినవని ఒక వాక్యంలో దాటవేస్తారు. అంటరానివాడని సభల్లో అవమానాలు పడిన యువకుడు రుక్మిణి పెళ్ళి గురించి ఎందుకు రాశాడు? తన పాలెం గురించి ఎందుకు రాయలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా దాటిపోతే "గబ్బిలం" ఆకాశంనుంచి ఊడిపడినట్టవుతుంది. యువరచయితలకు మనం చేసే అపకారాల్లో ఇది పెద్దది. వాళ్ళకు శిఖరం చూపిస్తాం, దారి చూపించం. తమ మొదటి రాతలను "గబ్బిలం" పక్కన పెట్టుకుని చూసి, కలం కిందపెడతారు. "రుక్మిణీ కళ్యాణం" పక్కన పెట్టుకుని చూడమని వాళ్ళకెవరూ చెప్పరు.

జాషువా తన మొదటి పుస్తకాల్లో పరాయి ఇంట్లో వున్నాడు. ఆ మాట దాచవలసిన పనిలేదు. కాని ఆ ఇంటి మూలమూలలా తిరిగి చూశాడు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర ఆయన మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నాడు. ఆ చదువు ఎక్కడ పనికొచ్చింది? "గబ్బిలం"లో పనికొచ్చింది. మేఘసందేశంలో యక్షుడు ధనపతి కొలువులో వుండేవాడు. అతనికి పడిన శిక్ష ఒక్క ఏడాది. ఏడాది గడిస్తే అలకాపురికి పోతాడు. భార్య ఎదురుచూస్తూ వుంటుంది. సందేశం మోసుకుపోయేది ఆషాఢమేఘం. జాషువా ఆ చట్రాన్నే తీసుకున్నాడు. యక్షుడి స్థానంలో దక్షిణ దేశపు అంటరానివాణ్ణి నిలబెట్టాడు. అతను పుట్టిన నేలమీదే ప్రవాసి. అతని శిక్షకు గడువు లేదు. సందేశం ప్రియురాలికి కాదు, కాశీలోని దేవుడికి. తీసుకుపోయేది మేఘం కాదు, గబ్బిలం. ఎందుకంటే మనిషికి ప్రవేశం లేని గుడిలోకి ఆ జీవికి ప్రవేశం వున్నది.

కాళిదాసు చట్రాన్ని తలకిందులు చేయాలంటే అది ముందు చేతికి వచ్చి వుండాలి. పద్యం రాసేటప్పుడు గణాల లెక్క చూసుకోవలసినంత కాలం కవి దృష్టి గణాల మీదే వుంటుంది. ఎదుటివాడి ఆకలి మీద వుండదు. లెక్క చూసుకోనక్కర్లేని స్థితి జాషువాకు ఒక రోజున రాలేదు. ఎవరూ పెద్దగా తలుచుకోని పుస్తకాలు రాస్తూ రాస్తూ వచ్చింది. ఆ పుస్తకాలు "గబ్బిలా"నికి తక్కువవే కావచ్చు. కాని అవి లేకపోతే "గబ్బిలం" లేదు.

"గబ్బిలా"నికి ముందు కాలం ఆయనకు తీరికగా గడిచినది కాదు. మిషనరీ పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయింది. 1915–16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా వున్నాడు. తెరమీద బొమ్మ ఆడుతూ వుంటే, పక్కనుంచి కథా సంభాషణలూ జనానికి చదివి వినిపించడం ఆ పని. తర్వాత గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు, 1928 నుంచి 1942 దాకా ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా. ఆయన పద్యం చెవిలో పడగానే అర్థమవుతుందని అందరూ అంటారు. దీనికి కారణాలు వెదికేవాళ్ళు ఆ సినిమా హాలును మరిచిపోకూడదని నా ఊహ. చదువురాని జనం ఎదుట నిలబడి, బొమ్మ మారేలోగా మాట ముగించవలసిన ఉద్యోగం ఏ గురుకులంలోనూ దొరకని శిక్షణ. సాహిత్య చరిత్రలు దాన్ని బతుకుతెరువు కింద రాస్తాయి. నేను దాన్ని ఆయన మొదటి రచనల పక్కన పెడతాను.

"ఫిరదౌసి" వస్తువు కూడా ఇక్కడ గమనించదగ్గది. గజనీ మహమ్మదు పద్యానికొక బంగారు నాణెం ఇస్తానని, ముప్ఫై ఏళ్ళ శ్రమ ముగిసినాక వెండి నాణేలు పంపిన కథ అది. కవి శ్రమనూ, కూలి ఎగవేసిన ప్రభువునూ ఎదురెదురుగా నిలబెట్టిన ఈ కథను, పదమూడేళ్ళు కలం అరగదీసిన బడిపంతులు ఎంచుకోవడం కాకతాళీయమని నేను అనుకోను. అప్పటికి ఆయన పరాయి ఇంటినుంచి సగం బయటికి వచ్చాడు. పూర్తిగా రావడానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది.

ఇక అసలు విషయానికి వస్తాను. వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో జాషువా పద్యాలు చదివితే, అంటరానివాణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని కొందరు గొడవచేశారు. అక్కడ పద్యంలో తప్పు వుందని ఎవరూ అనలేదు. చదివిన మనిషే తప్పన్నారు. నా యతిభంగం సంగతి దీని పక్కన పెట్టి చూసినప్పుడు నాకు సిగ్గేసింది. నన్ను చూసి నవ్వినవాళ్ళు నా పద్యాన్ని చూసి నవ్వారు. మర్నాడు దిద్దుకుని వెళితే వినేవారు. నా తప్పు ఒక కుర్రాడి తప్పు మాత్రమే. అగ్రవర్ణపు కుర్రవాడు గణం తప్పితే అది ప్రమాదం. జాషువా తప్పి వుంటే అది జాతి లక్షణం అయ్యేది. ఆయనకు తప్పు రాసే హక్కు లేదు.

జాషువా పద్యం నిర్దుష్టంగా, ధారాళంగా వుంటుందని మెచ్చుకుంటాం. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి అంతటివాడు ఆయన కాలికి గండపెండేరం తొడిగిన సంగతి గర్వంగా చెప్పుకుంటాం. అది గర్వించదగ్గదే. కాని ఆ నిర్దుష్టత్వం ఆయన చెల్లించిన పన్ను అని కూడా చెప్పవలసి వున్నది. పలనాటి రైతులకు ఇది సులభంగా అర్థమవుతుంది. అడవిలో దానంతట అది పెరిగిన గడ్డిని పశువులు మేసినందుకు ప్రభుత్వం పుల్లరి వసూలు చేసింది. కట్టం అన్నందుకు 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. భాష కూడా అలా అందరిదీ అయిన బయలే. అందులోకి రావడానికి కొందరు ఏ సుంకమూ కట్టరు. కొందరు మాత్రం "తప్పులేని రచన" అనే పుల్లరి ముందుగా చెల్లించాలి. జాషువా ఇరవై రెండేళ్ళు చెల్లించాడు. చెల్లించలేక మధ్యలో వెనక్కిపోయినవాళ్ళ పేర్లు మనకు తెలియవు. వాళ్ళ పుస్తకాలు అచ్చుకాలేదు.

కనుక "పట్టుదల వుంటే ఎవరైనా రచయిత కావచ్చు" అనే నీతివాక్యాన్ని నేను అంగీకరించను. పట్టుదల వ్యక్తి గుణమే. కాని దానికి కాగితం కావాలి, తీరిక కావాలి, వినేవాళ్ళు కావాలి, మొదటి తప్పును చూసి తలుపు మూయని సంఘం కావాలి. ఇవి లేనిచోట పట్టుదలను బోధించడమంటే ఆకలిగొన్నవాడికి ఉపవాస మహిమ చెప్పడమే.

ఇక్కడ ఒక ఆక్షేపణ రాగలదు. "అయితే ఏమి రాసినా అచ్చువేయమంటారా? తప్పును హక్కు అంటే దిద్దుకునేవాడెవడు?" ఈ ఆక్షేపణను తేలిగ్గా తీసుకోకూడదు. ఎంచేతనంటే మన ఉద్యమం దీనివల్ల నష్టపోయింది కూడా. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడినప్పటి నుంచి గొప్ప రచనలు ఎన్ని వచ్చాయో, నినాదాన్ని పాదాలుగా విరిచిన రచనలు అంతకంటె ఎక్కువ వచ్చాయి. వాటిని మనవాళ్ళవని మెచ్చుకున్నాం. మెచ్చుకున్నందువల్ల ఆ రచయితలు అక్కడే ఆగిపోయారు. నవ్వు నన్ను పదకొండేళ్ళు ఆపింది. చప్పట్లు మరికొందర్ని జీవితాంతం ఆపాయి.

దిద్దుకోవడమంటే ఏమిటో గురజాడ దగ్గర నేర్చుకోవాలి. "కన్యాశుల్కం" 1892లో ప్రదర్శితమైంది, 1897లో అచ్చయింది, పేరు తెచ్చుకుంది. సాధారణ రచయిత అయితే అక్కడితో తృప్తిపడేవాడు. గురజాడ దాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకుని, దాదాపు కొత్త నాటకమనిపించేటంతగా తిరగరాసి 1909లో ప్రకటించాడు. మనం చదివేదీ, ఆడేదీ, గిరీశం మధురవాణుల పేర్లు చెప్పుకునేదీ ఆ రెండో కూర్పువల్లనే. మొదటిది అచ్చువేయడానికి ఆయన సంకోచించలేదు. రెండోది రాయడానికి సిగ్గుపడలేదు. ఈ రెండు గుణాలూ కలిసి వుండాలి. మొదటిది మాత్రమే వుంటే రచయిత దుడుకువాడవుతాడు. రెండోదే వుంటే, మొదటి కూర్పు ఏనాటికీ బయటికి రాదు. దిద్దడానికి ఏమీ వుండదు.

దిద్దుబాటుకు లొంగని తప్పులు కూడా గొప్ప రచనల్లో వుంటాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో రాసిన "మాలపల్లి" 1922 నాటిది. అందులో కథ ఆగిపోయి చర్చలు సాగే ఘట్టాలు వున్నాయి. రామదాసు వేదాంతం చోట్లచోట్ల పాఠకుణ్ణి అలసిపోయేలా చేస్తుంది. శిల్పం దృష్ట్యా ఇవి లోపాలే. కాని మాలపల్లి జనాన్ని నవల నడిబొడ్డున నిలబెట్టి, గుంటూరు సీమ మాటను వాళ్ళ నోట పలికించిన ఆ రచన చూసి ప్రభుత్వం భయపడి నిషేధించింది. లోపాలన్నీ పోయేదాకా ఉన్నవ ఆగివుంటే నిషేధించడానికి పుస్తకమే వుండేది కాదు.

అంచేత తప్పుల్లో రెండు రకాలను వేరుచేసి చూడాలంటాను. ఒకటి చేతి తప్పు: వాక్యం కుదరకపోవడం, కథ ఎక్కడ ఆపాలో తెలియకపోవడం, యతి చెడడం. ఇది రాస్తూ వుంటే పోతుంది. రాయకుండా వుంటే పోదు. రెండోది చూపు తప్పు: తనకు తెలిసిన జీవితాన్ని చూడకుండా, మెప్పు పొందుతుందనుకున్న జీవితాన్ని రాయడం. ఇది ఎంత రాసినా దానంతట పోదు. రాసినకొద్దీ ముదురుతుంది. విమర్శకుడు కఠినంగా వుండవలసింది రెండోదాని విషయంలో. మనం చేసేది తారుమారు. చేతి తప్పుకు నవ్వుతాం. చూపు తప్పుకు, అందులో మన నినాదం వినిపిస్తే, చప్పట్లు కొడతాం.

ఇప్పుడు ఆ విద్యార్థిని కథకు వస్తాను. ఆ కథలో ఒక తల్లి వుంది. మిరప కోతకు పోయి వస్తుంది. కథ చివర ఆమె చేలో నిలబడి తోటి కూలీలకు కూలి రేట్ల గురించి ఒక పేజీ నిండా ఉపన్యాసమిస్తుంది. వాక్యాలన్నీ నిర్దుష్టం. ఒక్క అక్షరదోషం లేదు. కాని ఆ మాటలు ఆ తల్లివి కావు; ఏ కరపత్రంలోనో చదివినవి. ఈ పేజీలో ఒక్క కొట్టివేత కూడా లేదు.

అంతకు ముందు పేజీలో ఆరు వాక్యాలు అడ్డంగా కొట్టేసి వున్నాయి. వెలుతురుకు పట్టుకుని చదివాను. రాత్రి తల్లి చేతులు మండుతూ వుంటాయి. మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూచుంటుంది. చంటిపిల్ల ఏడుస్తుంది. ఎత్తుకోవడానికి చేతులు రావు. పిల్ల కళ్ళకు మంట తగులుతుందని భయం. పెద్దకూతురిని పిలిచి, పిల్లను తన ఒళ్ళో పడుకోబెట్టమని, మోచేతులతో పొదివి పట్టుకుంటుంది. ఆ వాక్యాల్లో రెంటికి క్రియ లేదు. ఒకదాంట్లో కర్త ఎవరో తెలియదు. మర్నాడు పొద్దున ఆమె మళ్ళీ అదే చేలోకి పోతుందన్న సంగతి ఎక్కడా చెప్పలేదు. చెప్పనక్కర లేకుండా తెలుస్తుంది.

నేను చాలాసేపు ఆ కొట్టివేత గీతల వైపే చూస్తూ కూచున్నాను. తప్పులేని రాత కోసం ఆ అమ్మాయి తీసేసిన భాగమే ఆ కథలో నిజమైన భాగం. ఉంచిన పేజీ అరువు తెచ్చుకున్నది. ఏది తప్పో నిర్ణయించే కొలబద్ద ఆమె చేతికి ఎవరిచ్చారు? మేమే ఇచ్చాం. ఇరవై ఏళ్ళుగా పరీక్ష పత్రాలమీద ఎర్రసిరాతో నేనిచ్చిన కొలబద్ద అది. సభల్లో మనం చప్పట్లు కొట్టి ఇచ్చిన కొలబద్ద కూడా అదే.

మర్నాడు ఆమెను పిలిచి, కొట్టేసిన పేజీ చూపించి, "ఇది ఎందుకు తీసేశావమ్మా?" అన్నాను.

"అది ఇంట్లో సంగతి సార్. కథలో రాసేది కాదనుకున్నా. వాక్యాలు కూడా కుదరలా."

"కల్లంలో తాలు ఎప్పుడు ఏరుతారు?"

ఆమె నవ్వింది. "కాయ ఎండినాక సార్. చెట్టుమీద ఎవరేరతారు? కోసేది కొయ్యాలిగా."

నేను చెప్పదలుచుకున్నది ఆమె నోటనే వచ్చింది. తాలుకాయ వుంటుందని కోత మానుకునే రైతు లేడు. కోసి, కల్లంలో పరిచి, ఎండబెట్టి, ఆ తర్వాత కూచుని ఏరుతారు. ఏరడం కూడా పనే. దానికీ కూలి వుంది. తాలును మంచి కాయలో కలిపి అమ్మజూసేవాడు మోసగాడు. రచనలోనూ ఈ వరస తప్పకూడదు. ముందు కోత, తర్వాత ఎండబెట్టడం, తర్వాత ఏరివేత.

ఇంతకూ మన బాధ్యత ఏమిటి? యువరచయితలను ప్రోత్సహించాలని తీర్మానాలు చేస్తూనే వున్నాం. తీర్మానాలకు బదులు మూడు చిన్న పనులు సూచిస్తాను.

ఒకటి. ప్రతి శాఖలోనూ నెలకొకసారి అసంపూర్తి రచనలు చదివే సమావేశం పెట్టాలి. పూర్తయిన రచనలకు అందులో చోటుండకూడదు. పెద్ద రచయితలు కూడా తమ చిత్తుప్రతులు అక్కడ చదవాలి. పేరున్నవాడి చిత్తుప్రతిలో కొట్టివేతలు చూసిన కుర్రవాడికి వంద ఉపన్యాసాలివ్వలేని ధైర్యం వస్తుంది. సమావేశాలు కోతల రోజుల్లో పెట్టకూడదు. పెడితే కూలికి పోయే పిల్లలు రాలేరు.

రెండు. పత్రికకు వచ్చిన కొత్తవాళ్ళ రచన తిప్పి పంపేటప్పుడు, చేతి తప్పు ఎక్కడుందో, నిజమైన వాక్యం ఎక్కడుందో చెబుతూ నాలుగు పంక్తులు రాయాలి. "ప్రతిభ వుంది, కృషి చేయండి" అనే వాక్యం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ప్రతిభ అనే మాటను కొంతకాలం పక్కన పెట్టినా నష్టం లేదు. రుక్మిణీ కళ్యాణం చదివి జాషువా ప్రతిభను కొలిచినవాడెవడైనా గబ్బిలాన్ని వూహించగలిగేవాడా?

మూడు. ఉపాధ్యాయులం మన ఎర్రసిరాను తప్పు కింద మాత్రమే గాక నిజమైన వాక్యం కింద కూడా గీయడం నేర్చుకోవాలి. ఇది నాకు నేను చెప్పుకుంటున్న మాట.

ఇవి చేస్తే రేపే జాషువాలు పుడతారని నేననను. జాషువా రాసిందంతా గొప్పదని కూడా అనను. ఆయన పుస్తకాల్లో మిగిలినవి కొన్ని, మరుపున పడినవి ఎక్కువ. కాని ఇరవై రెండేళ్ళ కిందట మొదలుపెట్టినవాడు దారిలో పడిపోకుండా వచ్చాడు గనకనే మనకు "గబ్బిలం" దక్కింది. అతను తన బలంతో వచ్చాడు. సంఘం సహాయంతో కాదు. అదే దారిలో ఇవాళ నడుస్తున్న పిల్లలకు కూడా సంఘం సహాయం అందకపోతే, జాషువా జయంతులు జరపడానికి మనకేం అర్హత వుంది?

ఆ అమ్మాయి కథను తిరగరాసి రెండు నెలల తర్వాత తెచ్చింది. ఉపన్యాసం పోయింది. మజ్జిగ గిన్నె వచ్చింది. ఇప్పుడు కథ ఎక్కడ ముగియాలో అక్కడ ముగియడంలేదు; తల్లి గురించి చెబుతూ కూతురు కొంచెం ఎక్కువగా జాలిపడుతున్నది. ఆ మాటే చెప్పాను. "మళ్ళీ రాస్తా సార్" అని నోటుపుస్తకం తీసుకుని బస్సుకు టైమయిందని వెళ్ళిపోయింది. ఆగమంటారా అని ఈసారి అడగలేదు.

ఆ రాత్రి నేను నా పాత పెట్టె తెరిచాను. మూడో పద్యంలో యతి ఇప్పటికీ చెడే వుంది. దాన్ని దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. మిగతా పద్యాల్లో చేతి తప్పులు లేవు. కాని నేనెన్నడూ నాగలి పట్టని రైతు కష్టం, ఎవరో చెప్పగా విన్నది, వాటినిండా వున్నది. ఆనాటి పెద్దమనిషి యతిని పట్టుకున్నాడు గాని దీన్ని పట్టుకోలేదు. ఇప్పుడు మొదటినుంచీ రాస్తున్నాను. వచ్చే నెల శాఖా సమావేశంలో చిత్తుప్రతి చదువుతాను. మిత్రులు వచ్చి తప్పులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.